నా నలభై మందికీ రంగు పడింది, దావీదప్పా

దావీదప్పా,

నేను మునెప్పను. నువ్వు పోయి పదకొండు నెలలైంది.

బాగుండావా అని అడిగేది నాకు చేతకాదు. బాగుండక యాడికి పోతావు? కాంపౌండరు పని చేసినోడివి. ఆడ కూడా ఎవురికో ఒకరికి సీసాలో ఏదో కలిపి, బాగా ఊపి, మూడు పూటలా తాగమని చెప్తాంటావు.

నాకు రాసేది సరిగా రాదని నీకు తెలుసు. నలభై ఏండ్లు లారీల మీద, ఎద్దులబండ్ల మీద అక్షరాలు గీసినాను గానీ చదివి గీసినోణ్ణి కాదు. ఎవురో సుద్దతో రాసిస్తే దాన్ని చూసి బొమ్మ మాదిరి గీసేవాణ్ణి. యాభై దాటినాక నువ్వే కదా కూసోబెట్టి గుణింతం నేర్పించింది. అందుకే ఈ జాబులో తప్పులుంటే అవి నీ తప్పులే. నాకేం సంబంధం లేదు.

సంగతేమంటే... నా నలభై మందికీ రంగు పడింది. నలభైకి నలభై. కాళ్ళ కింద నేల కూడా పడింది.

నమ్మవు కదా? నువ్వు నమ్మవని తెలిసే మొదటినుంచీ రాస్తాండాను.

ఆ పెట్టె వచ్చిన దినం గుర్తుండాదా నీకు? మదనపల్లెలో మీ ఆసుపత్రి దొర డాక్టరు సీమదేశానికి పోతా పోతా నీ చేతికిచ్చి పోయినాడు. కొయ్యపెట్టె. లోపల బొటనవేలంత సీసం సిపాయిలు ఎనభై మంది, రెండు ఫిరంగులు, వాటిని లాగే ఎద్దులు. అన్నీ బూడిద రంగే. ఒక్కదానికీ పూత లేదు. రంగులేసుకుని, బల్ల మీద నిలబెట్టి, పాచికలేసి యుద్ధం ఆడాలంట. ముసలోళ్ళు ఆడే ఆటేనా ఇది అని నేను నవ్వితే నువ్వు ఏమన్నావు? "మునెప్పా, దొర కూడా ముసలోడే. రా, కూసో."

నలభై నీకు, నలభై నాకు. నీవాళ్ళు నీలం చొక్కాలు. నావాళ్ళు పుంగనూరు పాళెగాని దండు, ఎర్ర తలపాగాలు. ఎద్దుల్ని చూసి నువ్వు అనిన మాట మర్చిపోలేదు నేను. "మీ పుంగనూరు ఆవులు నిజంగానే ఇంతే ఉంటాయి కదప్పా, కొలత సరిపోయింది. ఇవి నువ్వే తోలుకో." మా ఊరి ఆవును అన్నావని ఒక వారం మాట్లాడలేదు నీతో. ఆ పై వారం బస్సెక్కి వచ్చేసినా. ఏం చేసేది, ఆదివారం ఇంకేం పని ఉంటాది?

నువ్వు మీ ఏసు గుడినుంచి వచ్చేది, నేను పుంగనూరు బస్సు దిగేది. నీ ఇంటామె రత్నమ్మ కాఫీ ఇచ్చేది. పొడుగు బల్ల మీద పచ్చ దుప్పటి, దాని కింద పుస్తకాలు పెడితే గుట్టలు, నీలం రిబ్బను పరిస్తే ఏరు, ఏటి మీద అట్టముక్క వంతెన. అడుగుబద్ద పెట్టి కొలిచి ఆరంగుళాలు నడిపేది. అట్ల పన్నెండేండ్లు ఆడినామప్పా మనం.

పన్నెండేండ్లలో నేను ఒక్కసారీ గెల్చలేదు.

యాల గెల్చలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు పెట్టిన చట్టం అది. "రంగు పడని సిపాయి బల్ల ఎక్కకూడదు. కాళ్ళ కింద నేల లేనోడు సిపాయి కాదు, బొమ్మ." నువ్వు ఏడాది తిరక్కముందే నలభై మందికీ పూసేస్తివి. నాది పన్నెండేండ్లకూ పదకొండు మందే. పదకొండు మంది నలభై మంది మీదికి పోతే ఏమైతాది? ఓడిపోతారు. ప్రతి ఆదివారమూ నేను అదే చెప్పేవాణ్ణి. నా మంది చాలలేదు అంతే, నా బుర్ర కాదు. నలభై మందినీ ఇయ్యి, అప్పుడు చూపిస్తా అని.

నువ్వు నవ్వేవాడివి. "పుయ్యి మరి. నీ మంది రంగేసుకుని వచ్చిన దినం, పుంగనూరు బస్సు దిగినట్ల బల్ల అంచున దింపుకో. ఆట మధ్యలో అయినా సరే. నేను అడ్డం చెప్పను."

ఇప్పుడు ఒక నిజం చెప్తాను. నాకు తీరిక లేదని పన్నెండేండ్లు చెప్పినాను కదా? అబద్ధం. తీరిక ఉన్నింది. చేతకాలేదు. లారీ తలుపు మీద నెమలి గీసే చెయ్యికి బొటనవేలంతోడి మొకం గీసేది రాలేదు. ఆ మాట నీ దగ్గర చెప్పేదానికి నోరు రాలేదు... అంతే.

నువ్వు పోయిన దినం బల్ల మీద ఆట సగంలో ఉన్నింది. వంతెనకు ఆపక్క నీ నలభై మంది. ఈపక్క గుట్ట చాటున నా పదకొండు మంది. వచ్చినోళ్ళు గిన్నెలు పెట్టేదానికి బల్ల ఖాళీ చెయ్యమంటే రత్నమ్మ ఒప్పుకోలేదు. పాత దోమతెర తెచ్చి కప్పేసింది. అప్పట్నించి ఆ యమ్మ నేల మీద కూసునే తింటా వచ్చింది.

సంక్రాంతి పోయినాక ఆ యమ్మ నాకు చెప్పి పంపింది. మే నెలలో ఇల్లు ఖాళీ చేసి కుప్పంలో చెల్లెలి దగ్గరికి పోతాదంట. బల్లను గుడికి ఇచ్చేస్తాదంట. పోయేలోపల ఆ ఆట ఏదో ఒకటి తేల్చు మునెప్పన్నా, దోమతెర తీసి నా చేత్తో ఎత్తేయలేను అనింది.

నాలుగు నెలలు. ఇరవై తొమ్మిది మంది.

ఆ యమ్మ నీ సామాను నాకు ఇచ్చింది. భూతద్దం, సన్న కుంచెలు, కంటి మందు చుక్కలేసే సీసా. నేనేం చేసినానో చెప్పేదా? ఇవన్నీ కాంపౌండరు వేషాలు, నేను పెయింటర్ని అని పక్కన పెట్టేసినా. లారీలకేసే పెయింటే తీసి, డబ్బాలో ఎట్లుండాదో అట్లే ఆరుమందికి చిక్కగా పూసినా, మెరిసిపోవాల అని. ఆరినాక చూస్తే ఒక్కడికీ ముక్కు లేదు, నోరు లేదు, చొక్కా మడతల్లేవు. ఆరుమందీ ఆరు చింతగింజలు!

నువ్వు ఉండుంటే ఏమంటావో నాకు వినబడింది. "మొకం మునిగిపోయిందప్పా, ఈత నేర్పించు."

కిరసనాయిల్లో నానబెట్టి, గీకి, కడిగి, మళ్ళా మొదలు. ఈసారి రోషం మింగి నీ చుక్కల సీసా తీసినా. పెయింటులో టర్పెంటైను మూడు చుక్కలు. చాలలేదు. అయిదు. పాల మాదిరి పల్చగా అయినాక ఒక పూత. ఆరినాక ఇంకో పూత. ఆరేవరకూ గమ్మునుండేది ఉండాదే, అదే కష్టం. లారీ వోడు సాయంత్రానికి బండి ఇయ్యమని నెత్తిన కూసుంటే తొందరగా పూసిన చెయ్యి ఇది. ఈ సీసం నాయాళ్ళు ఎవురికీ తొందర లేదు.

కండ్లు పెట్టేదానికి కుంచె పనికిరాలేదు. తుమ్మముల్లు మొన పెయింటులో ముంచి చుక్క పెట్టినా. మొదటి నలుగురికీ మెల్లకన్ను వచ్చింది. ఒకడు ఆకాశం చూస్తాండాడు, ఒకడు వాని ముక్కు వాడే చూసుకుంటాండాడు. వాళ్ళను దిద్దలేదు. వెనక వరసలో పెట్టినా. దండులో నలుగురు అట్లాంటోళ్ళు ఉండల్ల కదా?

ఇంగొకటి. ఇది మాత్రం నేను కనిపెట్టిందే, నీకు కూడా తెలీదు. ఒక దినం కుంచెలు కడిగిన మురికి టర్పెంటైను గిన్నె తన్నుకుని, పూసి పెట్టిన అయిదుమంది మీద పడింది. తిట్టుకుంటా గుడ్డతో తుడిచినా. తుడిచి చూస్తే... ఆ మురికి చొక్కా మడతల్లోకి, వేళ్ళ సందుల్లోకి, గడ్డం కిందికి పోయి నిలబడుకుంది. మొకానికి నీడ వచ్చిందప్పా! వాడు నన్ను చూసినాడు. నిజంగా చూసినాడు.

అప్పట్నించి ఎవురూ తన్నకుండానే అందరికీ మురికి పూసినా.

మార్చి నెలకు రంగులైపోయినాయి. మిగిలింది కాళ్ళ కింద నేల. నువ్వు మందుల అట్టపెట్టెలు కత్తిరించి వాటిమీద ఇసుక అంటించేవాడివి. నాకు ఆ అట్టలు నచ్చలేదు. సోడా మూతలు ఏరుకొచ్చినా. వెల్లకిలా పెడితే చిన్న తట్ట మాదిరి ఉంటాది, అందులో మన్ను నింపి సిపాయిని నిలబెడితే కదిలేది ఉండదు. మంచి ఆలోచనే కదా? కాదంటావా?

మన్ను సన్నగా ఉండల్లని మా చేలో టమాట నారుమడి మన్ను తెచ్చినా. జల్లెడ పట్టిన మన్ను, పిండి మాదిరి ఉంటాది, నల్లగా. మైదా గంజి కలిపి మూతల్లో నింపినా. ఆరితే పగుల్తాదేమో అని భయమేసింది. కొత్త గోడకు, కొత్త గచ్చుకు ఏం చేస్తాము మనం? తడిపి గోనెసంచి కప్పుతాము. నేనూ అట్లే చేసినా. ముందుగా పన్నెండు మందిని పెట్టెలో పెట్టి, తడి గోనె కప్పి, పూటపూటకూ నీళ్ళు చిలకరించినా. వారం దినాలు. గోనె మాత్రం ఎత్తి చూడలేదు. పచ్చి గచ్చును తెరిచి చూసేవాడు మేస్త్రీ కాదు.

ఆదివారం ఆ పెట్టె చంకన పెట్టుకుని మదనపల్లె బస్సెక్కినా. రత్నమ్మ ముందర పెట్టి, సూడమ్మా మీ ఆయన చేయలేని పని అని గోనె లాగినా.

మొలకలు, దావీదప్పా.

ప్రతి సిపాయి కాళ్ళకాడా టమాట మొలకలు. రెండేసి ఆకులు. ఒకని చంకలోనించి ఒకటి లేచింది. ఒకణ్ణి ఏకంగా వెల్లకిలా పడేసి వాని పొట్ట మీద నిలబడుకోనుంది. నారుమడి మన్నులో ఇత్తనాలుంటాయని తెలీనోడు రైతేనా? నలభై ఏండ్లుగా బండ్లకు రంగులేస్తానే టమాట కూడా నాటతాండాను నేను! నారు పోసి, నీళ్ళు చల్లి, గోనె కప్పి... నా చేతులారా నారుమడి వేసినా సోడా మూతల్లో.

నేను గోనె మళ్ళా కప్పేయబోయినా.

రత్నమ్మ చూసింది. వంగి చూసింది. నీ భూతద్దం తెచ్చి మళ్ళా చూసింది. ఆపైన నవ్వు మొదలుపెట్టింది చూడు... గోడ పట్టుకుని నవ్వింది. కూసుని నవ్వింది. కొంగుతో కండ్లు తుడుచుకుని మళ్ళా పెట్టె చూసి నవ్వింది. పుంగనూరు దండు యుద్ధానికి వద్దు మునెప్పన్నా, టమాటా మార్కెట్ యార్డుకు తోలు, వేలం పెడతారు అనింది.

నువ్వు పోయినాక ఆ యమ్మ నవ్వింది నేను చూసింది అదే మొదలు. అందుకే నాకు కోపం రాలేదు. వేరే ఎవురన్నా అట్ల నవ్వుంటే నేను ఊరుకునేవాణ్ణా?

మొలకలు పారేయనీలేదు ఆ యమ్మ. పీకి పాత డబ్బాల్లో నాటింది. నేను ఇంటికొచ్చి, మన్నును పెనం మీద ఎర్రగా వేయించి, ఇంగ ఏ ఇత్తనమూ బతికుండదని రూఢి చేసుకుని, గంజి వదిలేసి లారీలకు పెట్టే లప్పం కలిపి నింపినా. మన్ను పెనం మీద ఎక్కించినందుకు మా ఇంట్లో నాకు రెండు దినాలు సద్దికూడే. పెట్టనీలే. నేల మాత్రం గట్టిగా నిలిచింది. ఆపైన దాదాపు ఆరిపోయిన కుంచెతో గంధం రంగు పైపైన రాస్తే, మెరకలకు మాత్రం అంటి, అచ్చం మన ఎర్రనేల మీద ఎండ పడినట్లుండాది. ఎండాకాలం చేను ఎట్లుంటాదో అట్ల. నీ ఇసుక నేలలు నా ముందర దేనికీ పనికిరావు. ఇది గొప్ప కాదు, ఉండే మాట.

మే నెల ఆఖరి ఆదివారం వచ్చింది.

దోమతెర తీసినాము. నీవాళ్ళ మీద కొంచెం కూడా దుమ్ము లేదు. నువ్వు చెప్పినట్లే నా ఇరవై తొమ్మిది మందినీ బల్ల అంచున దింపినా, బస్సు దిగినట్ల. గుట్ట చాటున పదకొండు మంది పదకొండు నెలలు కాచుకోనుండారు కదా పాపం, వాళ్ళ పక్కకు చేర్చినా. నలభై ఎర్ర తలపాగాలు ఒక్కచోట. నువ్వు చూడాల్సింది అది. చూసినావా?

నీ తరపున కూడా నేనే ఆడదామనుకున్నా. రెండు పాచికలేసినాక తెలిసింది, నీ పక్క ఆడేటప్పుడు నా చెయ్యి దొంగతనం చేస్తాంది. అప్పుడు రత్నమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి నీ కుర్చీలో కూసునింది. పన్నెండేండ్లు పక్కన చిక్కుడుకాయలు తుంచుకుంటా మనల్ని చూసింది కదా, ఆ యమ్మకు చట్టం నాకన్నా బాగా తెలుసు. నాకేమో లోపల సంతోషం. ఆడమనిషి, కొత్త, నా నలభై మంది ఎదురుగా... ఈ దినం దావీదప్ప పని అయిపోయింది అనుకున్నా.

ఎప్పటి మాదిరే వంతెన మీదికి తోలినా. ఇప్పుడు మంది ఉండారు కదా, గంగ జాతరకు పోయినట్ల అందర్నీ ఒక్కసారే తోలినా. వంతెన నిండిపోయింది.

ఆ యమ్మ నీ ఫిరంగిని ముందరికి తోసింది. పాచిక వేసింది. ఆరు.

మళ్ళా వేసింది. అయిదు.

గుంపులో పడిన గుండుకు మంది జాస్తి పోతారని నువ్వు పెట్టిన చట్టమే. ఇరవై ముగ్గురు ఏట్లో పడినారు. మెల్లకన్నోళ్ళు నలుగురూ వెనక ఉండబట్టి బతికినారు. మిగిలినోళ్ళను ఆ యమ్మ రెండు పక్కలా చుట్టుకునింది. పప్పు ఉడికేలోపల అయిపోయింది. లేచిపోయి తాలింపు పెట్టుకునింది.

నేను బల్లకాడే కూసున్నా. నలభైకి నలభై. రంగు ఉండాది, నేల ఉండాది. ఇంగ చెప్పుకునేదానికి ఏమీ లేదు...

అప్పుడు ఆ ఫిరంగిని చూసినా. వంతెనకు ఎదురుగా ఉండాది. పన్నెండేండ్లుగా ఆడనే ఉండాది అది. నేనూ పన్నెండేండ్లుగా ఆ వంతెన మీదికే పోయినా. నేను వంతెన ఎక్కినప్పుడల్లా నువ్వు ఏం చెప్పేవాడివి? "ఫిరంగి మందు తడిసిపోయింది మునెప్పా, ఇప్పుడు పేలదు." ఇంకో పక్క గడియారం చూసేవాడివి. "నీ బస్సుకు పొద్దయింది. మిగిలింది వచ్చే ఆదివారం."

నేను నమ్మినాను. పాపం వీనికి కలిసిరాలేదు అని లోపల నవ్వుకున్నా కూడా.

దావీదప్పా, వానలప్పుడు తడిసిందంటే సరే. మదనపల్లె మే నెల ఎండల్లో కూడా నీ మందు యాల తడిసింది?

ఒక గంటలో అయిపోయే యుద్ధం మనం మూడు ఆదివారాలు, నాలుగు ఆదివారాలు యాల ఆడినాము?

రత్నమ్మను అడిగినా. ఆ యమ్మ తాలింపు గరిటె పట్టుకుని నా వైపు చూసి, అన్నా, ఆ మాట ఆయన్నే అడుగు అనింది. అందుకే రాస్తాండాను.

ఆ దినం డబ్బాల్లో కాసిన టమాటాలతోనే పచ్చడి చేసింది. నా సిపాయిల కాళ్ళ కింద మొలిచినవి. బాగుండాది పచ్చడి. రెండుసార్లు పెట్టించుకున్నా. బల్లకాడనే కూసుని తిన్నాము, సిపాయిల్ని ఒక పక్కకు జరిపి.

బుధవారం ఆ యమ్మ కుప్పం పోయింది. బస్సు ఎక్కించి వచ్చినా. నీ నలభై మందినీ దూదిలో చుట్టి, నీ మందుల పెట్టెల్లో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని పోయింది. టమాట డబ్బా ఒకటి కాళ్ళకాడ. ఆ యమ్మ ట్రంకుపెట్టె మీద పేరూ ఊరూ నేనే రాసినా. ఎవురూ సుద్దతో గీసియ్యలేదు. చదువుకుంటా రాసినా. తప్పు లేదని రత్నమ్మ చెప్పింది.

ఈ జాబు యాడికి పంపాల్నో నాకు తెలీదు. మడిచి, నా దండు పెట్టెలో, ఏట్లో పడిన ఇరవై ముగ్గురి కింద పెడతాండాను. నీకు అందే దారి అదే అనిపించింది.

నీకొక మాట ఇస్తాండాను, ఇది మాత్రం తడిసిన మందు కాదు. ఇంగ యాడా, ఎవురి దగ్గరా, నా మంది చాలక ఓడిపోయినానని చెప్పను. టీ అంగడికాడ కూడా చెప్పను. నువ్వే గెలిచినావు. అన్ని ఆదివారాలూ నువ్వే గెలిచినావు.

ఇట్లు,
నలభై మందీ ఉండి ఓడిపోయిన
మునెప్ప
పుంగనూరు